పొట్టులో పడిన గింజలు

వేంపల్లెలో శనక్కాయల మిషను ముందు బస్సు ఆగినప్పుడల్లా తడి పొట్టు వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఆ మట్టివాసన తగలగానే నేను పన్నెండేళ్ల పిల్లనై, వేముల దగ్గరి మా ఊళ్లో, పక్కింటి మార్తమ్మత్త అరుగు మీద కూర్చుంటాను.

అవి క్రిస్మస్‌కు ముందు, బావుల కింద పైరుకు విత్తనాలు ఒలిచే రోజులు. ఆడవాళ్లంతా అరుగుల మీద చేరి, కాయల మీద నీళ్లు చిలకరించి, బొటనవేళ్లు మండేదాకా ఒలుస్తూ, గింజలు చేటలోకి, పొట్టు గంపలోకి వేస్తూ, బెల్లం ముక్కతో నాలుగు గింజలు నోట్లో వేసుకుంటూ కీర్తనలు పాడుకునేవారు. మగవాళ్లు రెండు పార్టీలై, పగలు పెరిగి, పొలానికి కూడా గుంపుగానే పోయేవారు. మార్తమ్మత్త మొగుడు అందులో ఒక పార్టీ మనిషి. జమ్మలమడుగు కోర్టులో వాయిదాకు పోతే, జీపు తిరిగొచ్చేదాకా ఆయన బతికున్నాడో లేదో తెలిసేది కాదు.

ఆ ఏడు చర్చిలో ఆడే నాటకానికి మా ఊరి బడి అయివారు అలాంటి ఇంటి కథే రాశారు. ఎదురుచూసే ఇల్లాలి వేషం తన కూతురు సుగుణకిచ్చారు. చదువుకున్న పిల్ల, మాటలు గడగడా చెప్పేది గాని, జీపు శబ్దం రాగానే రొమ్ము బాదుకుని ఏడ్చేది. కూలికి పోయొచ్చి రిహార్సలు చూస్తున్న నాకు నవ్వు ఆగలేదు.

"ఏమే, నవ్వొస్తాందా? నువ్వు చేసి చూపీ" అన్నారు అయివారు.

"నాకు అచ్చరాలు రావు అయివారూ."

"మాటలు నేను చెప్తా. ఆదివారం లోపల రాకుంటే సుగుణే ఏస్తాది."

ఆ వేషానికున్న తొమ్మిది మాటలు ఒక్క పూటలో నోటికొచ్చాయి. చేతులతో ఏం చేయాలో మాత్రం తెలియలేదు. అందుకే వాయిదా రోజు మార్తమ్మత్త ఎదురుగా కూర్చుని కాయలు ఒలుస్తూ ఆమెనే చూశాను. సాయంత్రం జీపు శబ్దం వినిపించింది. ఆమె తల ఎత్తలేదు, కీర్తన ఆపలేదు. చేతులు మాత్రం గింజల్ని పొట్టు గంపలోకి, పొట్టును చేటలోకి వేస్తున్నాయి. ఆ జీపు వేరే దారిన పోయాక మళ్లీ సరిగ్గా వేశాయి. ఆ సంగతి ఆమెకే తెలియదు. ఆదివారం అయివారికి నేనలాగే చేసి చూపించాను. వేషం నాకే ఇచ్చారు.

క్రిస్మస్ సాయంత్రం జీపు శబ్దం కోసం తెర వెనక మోటారుసైకిలు మోగించారు. నా చేతులు తారుమారయ్యాయి. ముందు వరసలో సలోమవ్వ ఊరుకోలేకపోయింది.

"పాపా, గింజలు పొట్టులో ఏస్తాండావు. ఇత్తనాలు పాడైతాయి, కండ్లు లేవా?"

అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు. ఒకరి తరువాత ఒకరుగా ఆడవాళ్ల నవ్వు ఆగిపోయింది. పక్కావిడ సలోమవ్వ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత మోటారుసైకిలు చప్పుడొక్కటే వినిపించింది.

నాటకం అయ్యాక మార్తమ్మత్త వచ్చి నా చేతులు దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"ఈ చేతులు యాడ చూసినావే?"

"మీ అరుగు మీదనే, అత్తా."

"నాకే తెల్దు గదమ్మా" అని కొంగు ముడి విప్పి నాలుగు గింజలు నా నోట్లో పెట్టింది. వెనకే నిలబడిన మామ, అత్త చేతులనే చూస్తుండిపోయాడు.

ఇప్పుడు అరుగుల మీద ఒలుపు లేదు, జీపు వస్తే చెవి పెట్టేవాళ్లూ లేరు. అయివారు రాసిన కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి. యాభై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్న నేను, మొన్న ఆ తొమ్మిది మాటలూ నోటుబుక్కులో రాసుకున్నాను. వాటి కింద, అయివారి కాగితంలో లేని పదో వరస రాశాను: జీపు శబ్దం వినగానే ఆమె గింజలు పొట్టులో వేస్తుంది.