మీమ్ తర్వాతి అక్షరం

తాండూరులో గోరీల మీద పేర్లు చెక్కే బాషా పని మొదలుపెట్టే ముందు బండను అరచేత్తో తుడుస్తాడు, ఉలి మొనను బొటనవేలితో తడిమి చూస్తాడు, ఆపైన ఎవరు పిలిచినా పలకడు. యాభై రెండులో బాల కళాసంఘం పెట్టినప్పటి నుంచి, సంఘం తరఫున పట్నం వెళ్లి చదువుకునే పిల్లల పేర్లను సంఘం వాకిట్లోని నాపరాయి మీద ఉర్దూలో చెక్కేదీ అతనే. ఈ ఏడు బొమ్మలు గీయడం నేర్పే బడికి ఎంపికైంది అతని కూతురు షాహజాది. రేపే రైలు. సంతోషంతో బాషా కళ్లు మసకబారాయి. చెయ్యి మాత్రం దాని అలవాటున అది పోయింది. కళ్లు తుడుచుకుని చూస్తే, పేరు మొదలవ్వాల్సిన చోట 'మీమ్' పడి ఉంది. గోరీల మీద పేరుకు ముందు చెక్కే 'మర్హూమా'కు, అంటే చనిపోయినామె అనే మాటకు, అది మొదటి అక్షరం.

"నా పేరు షీన్‌తో కద అబ్బా, గీ మీమ్ ఏంది?" వెనక నుంచి వంగి చూస్తూ నవ్వింది షాహజాది.

"ముందుగాల ముబారక్ అని చెక్కుతున్న బిడ్డా. జర దూరం జరుగు, దుమ్ము."

మీమ్‌తో మంచి మాట ఒకటి దొరికినందుకు అల్లాను తలుచుకుని, బాషా రెండో అక్షరానికి ఉలి ఆనించాడు. 'బే' చెక్కాల్సిన చోట చెయ్యి మర్హూమాలోని 'రే' వంపే తిరిగింది.