చెవిగారి తీగలు

మోటార్ల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ చెవిగారు అనేవాళ్ళు. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరది. మేనేజరు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాక అదే హోదా అయి కూర్చుంది. షెడ్డులో చివరి బల్ల అతనిది. తయారైన ప్రతి మోటారూ అతని ముందుకొచ్చి ఓసారి తిరగాలి. అతను పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు మూత మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు అదుముకుని కళ్ళు మూసుకునేవాడు. లోపల ఉక్కు గుండ్లు నున్నగా దొర్లుతుంటే సన్నగా, ఒకే తీరుగా ఈల వినిపిస్తుంది. ఒక్క గుండు మీద గీత పడినా ఆ ఈలలో ఇసుక కలిసినట్టుంటుంది. బాగుంటే సుద్దముక్కతో టిక్కు కొట్టి, పక్క గదిలో, మోటారుకు బరువు తగిలించి తిప్పి చూసే బరువు పరీక్షకు తోసేవాడు. లేకపోతే వెనక్కి.

ఆ పని చేసే పరికరాలు బజార్లో దొరుకుతాయి. యాజమాన్యానికి తెలియక కాదు. మనిషి చెవి చవక, మరమ్మతులు కూడా అడగదు. షెడ్డులో అడుగుపెట్టే ప్రతివాడూ చెవులకు రొద ఆపే డిప్పలు పెట్టుకు తీరాలని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. ఒక్క చెవిగారికే మినహాయింపు. డిప్పలు పెట్టుకుంటే వినేదెలా? మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచి ఆ రొదలో చెవులు బార్లా తెరుచుకుని కూర్చున్న మనిషి అతనొక్కడే. దాన్ని అతను గౌరవం అనుకున్నాడు. పనితనం అనగానే చేతులు జోడించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పనితనమే మనిషిని లోపల్నుంచి కొరుక్కు తింటుందని వాళ్ళకు చెబితే నచ్చదు.

ఇంట్లో అతనికున్న విలాసం పాట ఒక్కటే. ముందు గదిలో నిలువెత్తు స్పీకర్లు రెండు, మధ్యన ఆంప్లిఫయరు, ఎదురుగా ఒక కుర్చీ. రెండో కుర్చీ వేస్తే ధ్వని చెదురుతుందట. భార్యకు వినాలనిపిస్తే గుమ్మంలో నిలబడాల్సిందే. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని ఆ కుర్చీలో కూలబడితే, గాయని ఊపిరి తీసుకోవడం, వాద్యం తీగల మీద వేలు జారడం కూడా విడివిడిగా తెలిసేవి అతనికి.

ఒకనాడు ఆ వేలు జారిన చప్పుడు వినిపించలేదు. పాటంతా ఉంది గానీ, ఎవరో పైన దుప్పటి కప్పినట్టుంది.

మరొకడైతే చెవిని అనుమానించేవాడు. ఇతనికి ఆ ఆలోచనే రాలేదు. ఏళ్ళ తరబడి ఏ యంత్రం మంచిదో, ఏది చెడ్డదో తేల్చిన చెవి అది. తప్పు ఎప్పుడూ యంత్రానిదే. బుర్రలో అంతగా పాతుకుపోయిన ఆ లెక్కే అతన్ని స్పీకర్ల సామాను అమ్మే దుకాణానికి నడిపించింది.

ఆ దుకాణంలో సెలవురోజుల్లో ఒక సభ జరిగేది. పళ్ళ డాక్టరు, రిటైరైన పన్నుల అధికారి, ఒక వకీలు మెత్తటి సోఫాల్లో కాళ్ళు చాపుకుని ఉండేవాళ్ళు. యజమాని చాలా మృదువుగా మాట్లాడే మనిషి. అతను దేన్నీ అమ్మడు. "వినిపిస్తాను" అంటాడు. ఆ రోజు వేలెడు లావున్న, పట్టు తొడుగేసిన తీగనొకదాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చాడు. ముందు మామూలు తీగతో పాట ముక్కొకటి వినిపించి, తీగ మార్చి అదే ముక్కను మళ్ళీ వేశాడు.

"ఇప్పుడు?"

"అబ్బ! తెర లాగేసినట్టుందండీ," అన్నాడు పళ్ళ డాక్టరు.

"గాయని వచ్చి నా పక్కనే కూర్చున్నట్టుంది," అన్నాడు పన్నుల అధికారి.

"అదృష్టవంతులు. ఇంట్లో మాత్రం చెప్పకండి," అన్నాడు వకీలు. అందరూ నవ్వారు.

చెవిగారికి వీసమెత్తు తేడా కూడా తెలియలేదు. నిజానికి తేడా లేనే లేదు. మామూలు రాగిలో పోయిన కరెంటే పట్టు తొడుగు లోపలా పోయింది. ఆ గదిలో ఎవరికీ కొత్తగా ఏమీ వినిపించలేదు. పక్కవాడికి వినిపించిందని ప్రతివాడూ నమ్మాడు, అంతే. చదువుకున్నవాళ్ళ సభలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఆ సంగతి ఇతనికి తెలిసే దారి లేదు. తనొక్కడికే వినిపించలేదన్న భయం మొదటిసారి కలిగింది.

"మీరు చెప్పాలి సార్," అన్నాడు యజమాని ఇతని వైపు తిరిగి. "మాదంతా సరదా. మీది వృత్తి."

సోఫాల్లోని తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఔను," అన్నాడు చెవిగారు. "తీగ మీద వేలు జారడం... ఇప్పుడు తెలుస్తోంది."

"చూశారా!" అన్నాడు పళ్ళ డాక్టరు, తానే గెలిచినట్టు.

అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు అతనికే విస్మయం కలిగింది. తీగ కొనుక్కుని ఇంటికి పోయాడు. తర్వాత స్పీకర్ల కిందికి ఇత్తడి గిట్టలు వచ్చాయి. ఆంప్లిఫయరు కింద నల్లరాతి పలక వచ్చింది. చివరగా, కరెంటులోని మురికిని వడకడుతుందని చెప్పి యజమాని అంటగట్టిన బరువైన పెట్టె వచ్చింది. ఏది వచ్చినా దుప్పటి మాత్రం అలాగే ఉంది. అందుకని సన్నటి స్వరాలను పెంచే మీటను కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా కాస్త తిప్పేవాడు.

భార్య తమ్ముడు కూడా ఆ ఫ్యాక్టరీలోనే, బరువు పరీక్ష గదిలో పనిచేసేవాడు. ఒక సాయంత్రం అక్కను చూడ్డానికి వచ్చి స్పీకర్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏంటి బావా, ఈ తీగ మా అక్క మెడలో గొలుసు కంటే లావుగా ఉంది?"

"నీకు అర్థం కాదు లేరా."

"ఎందుకు కాదూ? కాళ్ళకి గిట్టలు కూడా వేయించావు. ఇంక గడ్డి వెయ్యడమే తరువాయి."

"నవ్వకురా," అంది అక్క వంటింటి గుమ్మంలోంచి. "ఈయన పెట్టే మోతకి నాకు పళ్ళు జివ్వుమంటున్నాయి. చెవుల్లో సూదులు దింపినట్టుంటోంది."

అప్పుడు చూశాడు చెవిగారు. ఆమె రెండు చెవుల్లోనూ దూది ఉంది.

"నీకేమైంది?"

"నాకేమీ కాలేదండీ. శుభ్రంగా వినిపిస్తోంది కాబట్టే దూది పెట్టుకున్నా," అంది ఆమె, అతని మొహంలోకి చూస్తూ. అతను పాట మార్చే నెపంతో అటు తిరిగిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బావమరిది అతని బల్ల దగ్గరికొచ్చాడు. చుట్టూ చూసి, డిప్పలు పక్కకు జరుపుకుని, అతని చెవి దగ్గర నోరు పెట్టాడు.

"బావా, నువ్వు పంపినవాటిలో ఒకటి ఏడుస్తోంది."

"డిప్పలు పెట్టీ పెట్టీ నీ చెవులకి బూజు పట్టిందిరా."

"డిప్పలు పెట్టుకున్నా వినిపించింది బావా. అదీ నా బాధ."

అతను ఇంకో మోటారును ముందుకు లాక్కున్నాడు. బావమరిది రెట్టించలేదు, ఫోర్‌మన్‌కు చెప్పనూలేదు. ఇంటి మనిషి పరువు. ఆ రోజు నుంచి తన గదికొచ్చిన ప్రతి మోటారును బరువుకు తగిలించాక, బేరింగు అందేందుకు ఇరుసుల మీది రక్షణ మూత తీసి, తనే స్క్రూడ్రైవరు పెట్టి వినడం మొదలుపెట్టాడు. చెడ్డవాటిని చప్పుడు చెయ్యకుండా పక్కన పెట్టి బేరింగులు మార్చేవాడు. చెవిగారికి ఇది తెలుసు. తెలిసి కూడా టిక్కులు కొడుతూనే పోయాడు. మన వెనక దిద్దేవాడొకడు ఉన్నాడన్న ధైర్యం మనిషిని ఎంత దూరమైనా తీసుకుపోతుంది.

ఒక మధ్యాహ్నం, టిక్కు పడిన మోటారొకటి బరువు మీద తిరుగుతుండగా, బావమరిది మూత తీసి వంగాడు. బేరింగు బిగుసుకుపోయింది. ఇరుసుల్ని కలిపే బిళ్ళ పగిలి అతని కుడిచేతి వేళ్ళను తీసుకుపోయింది. పక్క గదిలోంచి వచ్చిన కేక చెవిగారికి వినిపించలేదు. జనం పరిగెత్తడం చూసి లేచాడు.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. ఫోర్‌మన్ గోడవారగా నిలబడ్డాడు.

"మోటారు మీ బల్ల మీదుగానే పోయింది. బాగుందా చెవిగారూ? మీ మాటే మాకు ప్రమాణం."

బాగాలేదంటే బల్ల పోతుంది, పేరు పోతుంది. బాగుందంటే, తిరిగే యంత్రానికి మూత తీసినవాడిదే తప్పు. ఈ రెండూ అతనికి స్పష్టంగా తెలుసు.

"బాగుంది సార్. నేను విన్నాను," అన్నాడు. సోఫాల ముందు వచ్చిన గొంతే వచ్చింది.

నియమం మీరినందుకు బావమరిదిని పనిలోంచి తీసేశారు.

"వాడు ఆ మూత ఎందుకు తీశాడో మీకు తెలీదూ?" అంది భార్య ఆ సాయంత్రం, ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా అతనికి అందేలా.

"నియమం నియమమే."

ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేని తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది.

ఖాళీ ఇంట్లో అతను కుర్చీలో కూర్చుని పాట పెట్టాడు. మీటను చివరిదాకా తిప్పాడు. వేలు జారిన చప్పుడు రాలేదు. ఎవరో తలుపు బాదుతుంటే, ఆ అదురు కాళ్ళ కింది నేలలో తెలిసి, లేచి తీశాడు. పక్కింటావిడ, చంకలో పిల్ల, అరికాలి మంట నెత్తికెక్కిన మొహం.

"ఆ ఈల ఆపండి! పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది."

"ఏ ఈల?"

"ఏ ఈలేంటండీ, వీధి వీధంతా మోగిపోతుంటేను? ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాం, మీ ఆవిడ మొహం చూసి ఊరుకున్నాం."

పాట ఆపాడు. ఆవిడ ఇంకా చెవి మూసుకునే ఉంది. చేతికి అందిన ప్లగ్గునల్లా పీకాడు. కరెంటును కడిగే పెట్టె ప్లగ్గు ఊడగానే ఆవిడ చెయ్యి దించింది. ఇన్నాళ్ళూ ఆ పెట్టే స్పీకర్లలోకి ఈల ఊదుతోంది. ఇల్లాలు దూది పెట్టుకున్నది దానికి. అంత దగ్గర కూర్చుని, అంత ఖరీదు పెట్టి కొన్నవాడికి తప్ప అందరికీ అది వినిపించింది. ఇక బుకాయించడానికి ఏ తీగా మిగల్లేదు.

మర్నాడు మేనేజరు గదికి వెళ్ళాడు.

"నాకు వినిపించట్లేదు సార్. చాన్నాళ్ళయింది. ఆ మోటారు నేను వినలేదు."

మేనేజరు లేచి తలుపు వేశాడు. అతనికి అర్థమయ్యేలా దగ్గరికొచ్చి, కొంచెం గట్టిగా చెప్పాడు.

"విచారణ అయిపోయింది. ఇప్పుడు మీరీ మాటంటే, మీ చెవులకి డిప్పలెందుకు పెట్టలేదని అడుగుతారు. ఎవర్ని అడుగుతారు? నన్ను. మీరు బాధలో ఉన్నారు. నాలుగు రోజులు ఇంట్లో ఉండి రండి. మీ బల్ల ఎక్కడికీ పోదు."

అక్కడి నుంచి నేరుగా బావమరిది ఇంటికి నడిచాడు. బావమరిది మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. చేతికి కట్టు. చెవిగారి భార్య పళ్ళెంలో అన్నం కలుపుతోంది. చెవిగారు నిలబడే అంతా చెప్పాడు. మేనేజరుతో ఏమన్నాడో, మేనేజరు ఏమన్నాడో అంతా. తన గొంతు ఎంత పెద్దదైందో తెలియక అరిచినట్టే చెప్పాడు.

బావమరిది గోడవైపు మొహం తిప్పి ఏదో అన్నాడు.

"ఔను" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని మింగేశాడు.

"వినపడలేదురా," అన్నాడు.

బావమరిది ఇటు తిరిగాడు. పెదాలు నెమ్మదిగా కదిలాయి.

"ఆ రోజు ఆ గదిలో ఈ ఒక్క ముక్క అనుంటే చాలేది బావా."

ఇది మాత్రం పూర్తిగా అందింది. భార్య అతని వైపు చూడకుండానే తలుపు చూపించింది.

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. బావమరిది అక్క చేతిలోంచి చెంచా తీసుకుని, ఎడమచేత్తో పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. చెంచా జారి గచ్చు మీద పడింది. అది పడడం అతను చూశాడు.