రాణిగారి మేడలో ఉయ్యాల

పాత నగరం చూపించే టూరిస్టు బస్సు డ్రైవరుని డిపోలో అందరూ మెత్తబ్రేకు అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది మెకానిక్కు. గ్లాసు నిండా టీ పోసి స్టీరింగు పక్కన పెడితే, కోట మలుపులూ బజారు ఇరుకులూ దాటి చివరి స్టాపు చేరేదాకా ఆ టీ తొణికేది కాదు. చల్లారిపోయేది, అంతే. ఆ చల్లారిన టీకే ఆయన నాలుక అలవాటు పడిపోయింది. ఎవరైనా పొగలు కక్కే టీ చేతికిస్తే, ఇదేదో పాడైపోయిందన్నట్టు చూసేవాడు.

గడియారం బురుజు, పాత జైలు, రాణిగారి మేడ. ఏళ్ళ తరబడి ఆయన బండి ఆ మూడింటి చుట్టూనే తిరిగింది. ఎంతమందిని ఆ గుమ్మాల ముందు దింపాడో, ఎంతమందిని తిరిగి ఎక్కించుకున్నాడో లెక్క లేదు. తాను మాత్రం ఒక్క గడపా తొక్కలేదు. మనసు లేక కాదు, వీలు లేక. అవి గుర్రబ్బళ్ళ కాలంలో వేసిన వీధులు. బస్సు ఆగిందంటే వెనక కూరగాయల బండి ఆగుతుంది, దాని వెనక ఆటో హారన్ మొదలెడుతుంది, ఆ వెనకే కానిస్టేబుల్ ఈల వేస్తాడు. బండిని కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరుపుతూ ఉండాలి. పైగా సీట్లలో జనం సంచులు. కనుక సీటు వదిలేవాడు కాదు.

అలాగని లోపల ఏముందో ఆయనకి బొత్తిగా తెలియదనడానికీ లేదు. బయటికొచ్చే జనాన్ని చూసి పోల్చుకుని, ఇంట్లో కళ్ళారా చూసినట్టే చెప్పేవాడు. జుట్టు రేగిపోయి, టోపీలు చేత్తో పట్టుకుని వచ్చారంటే బురుజు మీద ఈదురుగాలి. తుమ్ముకుంటూ, భుజాలకి సున్నం అంటించుకుని వచ్చారంటే జైలు గోడలు చెమ్మగా ఉన్నాయి, గదులు ఇరుకు. రాణిగారి మేడ ఒక్కటే ఆయనకి అంతుచిక్కలేదు. అది చివరి స్టాపు. అక్కడికొచ్చేసరికి జనం వడిలిపోయి ఉంటారు. గుమ్మం దాటి బయటికి రాగానే వాళ్ళ నోట వచ్చే మొదటి మాట, "బాత్రూమ్ ఎటండీ?" దాన్నిబట్టి రాణిగారి వైభవం ఏం ఊహించగలడు?

అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. పెద్దపిల్ల పుట్టిన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర భార్య అడిగింది. "రాణిగారి మేడలో ఏముంటుందండీ?"

రోజూ అక్కడికి వెళ్ళే మనిషి 'నాకు తెలియదు' అంటే ఏం బాగుంటుంది? ఏదో ఒకటి చెబుదామని తలెత్తి చూశాడు. ఎదురుగా దూలానికి పసిపిల్ల ఉయ్యాల వేలాడుతోంది.

"ఉయ్యాల ఉందే," అన్నాడు. "వెండి గొలుసుల ఉయ్యాల. రాణిగారు సాయంత్రాలు ఊగేవారట."

భార్య ఆ ముక్కని అపురూపంగా అందుకుని, పై ఊళ్ళో ఉన్న తన అక్కకి చెప్పింది. అక్క తన వీధికంతా పంచింది. ఏళ్ళు గడిచేకొద్దీ గొలుసులకి గజ్జెలొచ్చాయి, పీటకి దంతపు చెక్కడం వచ్చింది. ఆ దంతపు పని ఆయన చెప్పింది కాదు. వదినగారి వీధిలో తయారై, తిరిగి ఇంటికొచ్చింది. వచ్చినదాన్ని ఆయన కాదనలేదు. అదొక్కటే ఆయన చేసిన తప్పు అనలేం గానీ, మొదటిదానికి వడ్డీ అనొచ్చు.

ఉద్యోగుల ఇంటివాళ్ళకి కంపెనీ ఏటా ఉచిత పాసు ఇచ్చేది. ఏటా ఆయన ఏదో ఒక వంక పెట్టి దాన్ని దాటేసేవాడు. ఒక ఏడు ఎండలన్నాడు, ఇంకో ఏడు వానలన్నాడు, మరో ఏడు బురుజు మెట్లకి మరమ్మతులన్నాడు. ఈ ఏడు ఆఫీసు గుమాస్తా కూరల కొట్టు దగ్గర ఆయన భార్యకి ఎదురుపడి, పలకరింపుగా పాసు సంగతి అనేశాడు. ఇంకేముంది? ఆవిడ తన పేరునా అక్క పేరునా రాయించుకుని మరీ ఇంటికొచ్చింది.

వదినగారు ముందురోజే దిగిపోయారు. చెయ్యి కడుక్కుంటూనే అన్నారు. "మరిదిగారూ, మా వీధిలో అందరికీ మాటిచ్చి వచ్చాను. ఆ ఉయ్యాల ఫోటో తీసుకెళ్ళకపోతే నేను మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకోలేను. మా చెల్లెలి మాట నమ్మి ఇన్నాళ్ళూ డప్పు కొట్టుకున్నాను మరి."

"అదేంటక్కా, ఆయన కళ్ళారా చూసిందే కదా చెప్పారు," అంది భార్య.

ఆయన కంచం ముందు నుంచి సగంలోనే లేచాడు.

తెల్లారి డిపోలో బానెట్ ఎత్తి చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క వైరు వదులు చేస్తే చాలు, బండి కదలదు, టూరు ఉండదు. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది, వెనక్కి వచ్చేసింది. అబద్ధం చెప్పడానికి తన నోరు ఒప్పుకుంది గానీ, బండి చేత అబద్ధం ఆడించడానికి చెయ్యి ఒప్పుకోలేదు. బానెట్ మూసి, అలవాటు కొద్దీ గుడ్డతో ఓసారి తుడిచాడు.

గైడు వచ్చింది. మైకు లేకుండా కూడా మైకులో మాట్లాడినట్టే ఉంటుందని ఆవిడకి మైకమ్మ అని పేరు. ఆయన పక్కకి పిలిచి సంగతంతా చెప్పాడు.

"ఉయ్యాలా! మన మేడలోనా?" అంది మైకమ్మ. డిపోలో ఆ చివరనున్న మనిషి కూడా తిరిగి చూశాడు.

"నెమ్మదమ్మా! ఇవాళ మేడ మూసేశారని చెప్పవూ?"

"నేను మైకు పట్టుకుని అబద్ధం చెప్పనన్నా. రాజుల పేర్లు అటూ ఇటూ అవుతాయి, అది వేరు. తెలిసి తెలిసి చెప్పను."

"పోనీ ఉయ్యాల రిపేరుకి పంపారని..."

"లేని ఉయ్యాలని రిపేరుకెలా పంపుతారన్నా? అయినా ఇన్నేళ్ళూ ఒక్కసారి లోపలికి రాలేకపోయావా?"

"ఈ బండిని ఎవరు చూస్తారు, నువ్వా?"

మైకమ్మ మైకు అందుకుని బస్సెక్కేసింది.

బస్సు నిండింది. అక్కచెల్లెళ్ళిద్దరూ సరిగ్గా ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. వదినగారి ఊపిరి కూడా ఆయన మెడకి తగులుతోంది. అంత అలజడిలోనూ స్టీరింగు పక్కన టీ మాత్రం నిశ్చలంగా ఉంది.

గడియారం బురుజు ఎక్కి దిగేసరికి వదినగారి జుట్టు ముడి ఊడిపోయింది. "అబ్బ, ఏం గాలే చెల్లీ! మీ ఆయన చెప్పినట్టే మనిషిని ఎత్తుకుపోయేలా ఉంది."

"మరి! ఆయన ఉన్నదున్నట్టు చెబుతారు," అంది భార్య.

జైలు నుంచి వస్తూ వదినగారు వరుసగా తుమ్మారు. "గోడలు చెమ్మని చెప్పారు చూడు, అక్షరాలా నిజం. మరిదిగారూ, మీ మాటకి తిరుగులేదండీ."

పొగడ్త పెరిగేకొద్దీ ఆయనకి చెమట పెరిగింది. బురుజు దగ్గర ఒక మాట తప్పిపోయినా బాగుండేది. అప్పుడు మేడ దగ్గర రెండో మాట తప్పితే అంత తేడా తెలిసేది కాదు.

మేడ ముందు బండి ఆగింది. జనం దిగారు. దిగుతూ మైకమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. డాక్టరు రోగి ఇంటివాళ్ళని చూసే చూపు అది. ఆయన బండిని కాస్త ముందుకి జరిపాడు, కాస్త వెనక్కి జరిపాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి జరిపాడు.

గుమ్మంలోంచి జనం రావడం మొదలైంది. అందరికంటే ముందు భార్య. ఆవిడ నడక ఆయనకి తెలుసు. పాలు పొంగిపోయినప్పుడు వంటింటికి వెళ్ళే నడక. వెనకే వదినగారు, చేతిలో ఫోను ఊపుకుంటూ.

"మరిదిగారూ! ఏదండీ ఉయ్యాల? గది గదీ తిరిగాను. రెండు కుర్చీలూ, ఒక పగిలిన అద్దం!"

ఆయన నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. "చెప్పానుగా అక్కా, పాలిష్‌కి తీసుకెళ్ళి ఉంటారు. వెండి నల్లబడదూ? ఏవండీ, ఈమధ్యనే కదా తీసుకెళ్ళారు?"

ఆయన తల తిప్పి చూశాడు. ఆవిడ ముఖం నవ్వుతోంది, కళ్ళు మాత్రం బతిమాలుతున్నాయి. 'ఊఁ' అంటే చాలు. ఒక్క 'ఊఁ'తో ఆవిడ పరువూ తన పరువూ దక్కుతాయి. కానీ తను మొదలుపెట్టిన అబద్ధాన్ని ఇప్పుడు ఆవిడ మోస్తోంది. అది ఆయనకి చూడబుద్ధి కాలేదు.

"లేదు వదినగారూ," అన్నాడు. "ఉయ్యాల సంగతి నాకు తెలియదు. నేనెప్పుడూ ఈ మేడలోకి వెళ్ళలేదు. అసలు ఏదీ చూడలేదు."

బస్సు ఎక్కుతున్న వాళ్ళు మెట్టు మీదే ఆగిపోయారు.

"ఏదీ అంటే? బురుజు?" అన్నారు వదినగారు.

"కింద నుంచి చూశాను."

"జైలు?"

"మీ తుమ్ములే."

వెనక సీట్లో ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. భార్య నవ్వలేదు. ఉయ్యాల మాట మర్చిపోయినట్టు ఆయన్నే చూస్తూ నిలబడింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడానా?" అంది. "రమ్మని ఎవరూ పిలవలేదా?"

"పిలిస్తే మాత్రం బండి ఎవరు చూస్తారే?"

"నేను చూస్తాను. దిగండి."

"ఏంటి?"

"దిగండంటున్నాను! నేను ఊరంతా చెప్పుకున్న ఉయ్యాల, ఉందో లేదో మీ కళ్ళతో మీరు చూసొచ్చి చెప్పండి. ఈసారి మాత్రం చూసిందే చెప్పండి."

"ఆలస్యమవుతుందండీ," అని ఎవరో సణిగారు.

"ఆయన మిమ్మల్ని బురుజు దగ్గర తొందరపెట్టారా? కూర్చోండి," అంది భార్య. సణిగినవారు కూర్చున్నారు.

తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మెత్తబ్రేకు మేడ మెట్లెక్కాడు. రాతి నేల మీద తన చెప్పుల చప్పుడు తనకే కొత్తగా వినిపించింది. కుర్చీలు చూశాడు. పగిలిన అద్దంలో తనని తాను ముక్కలు ముక్కలుగా చూసుకున్నాడు. పై అంతస్తులో వసారా పక్కన ఒక చిన్న గది. అలవాటుగా దూలం వైపు తలెత్తాడు. రెండు ఇనప కొక్కేలు. కాస్త ఎడంగా, ఒకే వరసలో. వాటి కింద నిలబడి చాలాసేపు చూశాడు.

ఇంతలో హారన్ మోగింది. నగరంలో ఎన్ని మోగినా అది తన బండి హారనే. వసారాలోకి పరుగెత్తాడు. కింద కానిస్టేబుల్ ఈల వేస్తున్నాడు. భార్య డ్రైవరు సీట్లో కూర్చుని, ఈలకి ఈలగా హారన్ కొడుతోంది. వదినగారు కిటికీలోంచి సగం బయటికొచ్చి, "మా మరిదిగారు రాణిగారి మేడలో పని మీదున్నారు, ఆగవయ్యా!" అని కేకేస్తున్నారు. ఆ పైనుంచి బస్సు కప్పు కూడా కనిపించింది. అద్దాల్లా మెరిసే ఆ బండి నెత్తి మీద పిట్టల రెట్టలు, చిరిగిన టార్పాలిన్, ఎవరిదో ఎప్పటిదో ఒక చెప్పు. రాణిగారు ఉండి ఉంటే రోజూ ఇదే చూసేవారన్నమాట. ఆయనకి సిగ్గేసింది.

దిగి వచ్చేసరికి బస్సంతా ఎదురుచూస్తోంది.

"ఉయ్యాల లేదు," అన్నాడు. "కొక్కేలున్నాయి. రెండు."

"కొక్కేలా!" భార్య ముఖం వెలిగింది. "ఇంకేం మరి!"

"ఆగు. కాపలా మనిషిని అడిగాను. లాంతరు కొక్కేలన్నాడు."

"ఒక లాంతరుకి రెండు కొక్కేలెందుకూ?"

"నాకేం తెలుసు? కొక్కేలున్నాయి. నేను చూసింది అంతే. ఇంకో మాట, బండి కప్పు కడగాలి."

బండి కదిలింది. మామూలుగా తిరుగు ప్రయాణంలో జనం నిద్రపోతారు. ఆ రోజు బస్సు రెండు ముక్కలైంది. ఎడమవైపు వాళ్ళు లాంతరన్నారు, కుడివైపు వాళ్ళు ఉయ్యాలన్నారు. వెనక పెద్దాయన పరదాలు కట్టుకోవడానికన్నాడు గానీ, ఆయన మాట ఎవరూ వినలేదు. మైకమ్మ మొదటిసారి మైకు ఒళ్ళో పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంది. లాంతర్ల పక్షానికి నాయకురాలు వదినగారే. "మా చెల్లెలికి ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది. అవి లాంతరు కొక్కేలే, నేను రాసిస్తాను!" అని వాదించి వాదించి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

బజారు మలుపు దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఫోను మోగింది. వాళ్ళ వీధి నుంచి, పక్కింటావిడ. ఆయన చెవి ఆటోమేటిగ్గా వెనక్కి తిరిగింది.

"ఆఁ వదినా, చూశాం, చూశాం," అన్నారు వదినగారు గొంతు తగ్గించి. "ఫోటో తియ్యనివ్వలేదు, ఏం చేస్తాం? ఉయ్యాలని జాగ్రత్తగా లోపల దాచారట. దాని కొక్కేలు చూడాలి నువ్వు! ఒక్కోటి నా చెయ్యంత లావు. మా మరిదిగారు దగ్గరుండి చూపించారు."

మెత్తబ్రేకుకి నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. కాలు బ్రేకు మీద గట్టిగా పడింది. బస్సంతా ముందుకి ఊగి వెనక్కి ఊగింది. ఇన్నేళ్ళుగా తొణకని టీ ఎగిరి ఆయన ఒళ్ళో పడింది.

"ఏంటండీ ఆ బ్రేకు!" అని భార్య వెనక నుంచి కసిరింది.

ఆయన తడిసిన ప్యాంటు దులుపుకున్నాడు. "ఏం లేదే," అన్నాడు. "ఉయ్యాల ఎలా ఉంటుందో వదినగారికి చూపించాను."