ఓక్‌విల్‌లో సాసేజి కాసరోల్: గ్యారేజీ నుంచి వంటింట్లోకి

కెనడాలో నేను చదువుకుంటున్న సార్నియా నుంచి ఓక్‌విల్‌కి నేను షికారుకి వెళ్లలేదు, కోపంతో వెళ్లాను. మా పెద్దమ్మ కూతురు లావణ్య అక్క అక్కడ ఒక తెలుగువాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో గది తీసుకుని ఉంటోంది. సోమవారం ఒక సీనియర్స్ హోమ్ వంటగదిలో ఆమెకి ట్రయల్ షిఫ్ట్. ఆ రోజు మెనూలో ఉన్న ఫ్రెంచి వంటకం, తెల్ల రాజ్మా గింజలతో సాసేజి (మాంసం ఖీమా కూరిన గొట్టాలు) కలిపి ఓవెన్‌లో కాల్చే కాసరోల్, ఎవరి సాయం లేకుండా చేసి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. అక్క దాన్ని చేయడం మాట అటుంచి, తిని కూడా ఎరగదు. శుక్రవారం ఫోన్ చేసి, "ఇంట్లో ఒకసారి చేసి చూద్దామంటే ఇంటి ఓనరు అంకుల్ మాంసం లోపలికి తేవద్దంటున్నాడ్రా" అంది. "నువ్వు గింజలు నానబెట్టు, నేనొస్తున్నా" అన్నాను.

సార్నియాలో కారు లేనివాడు సగం మనిషి. స్టేషన్‌కి కూడా రూమ్మేటు కారే దిక్కు. టొరంటో వైపు పొద్దున ఒక్కటే రైలు, అది ఓక్‌విల్‌లో ఆగుతుంది, అదే రోజు సాయంత్రం తిరుగు రైలు ఉంటుంది. వారం ముందు బుక్ చేసుకోండి. నాలాగా ముందురోజు కొంటే టికెట్ ధర చూసి ఒళ్లు మండుతుంది. రైల్లో, మొన్న మా కాలేజీ మెట్ల మీద అద్దెదారుల సంఘంవాళ్లు పంచిన కరపత్రం చదివాను. ఎవరు ఏ కాగితం ఇచ్చినా చివరి అక్షరం దాకా చదవడం నా అలవాటు. ఓనరుతో వంటగది పంచుకునేవాళ్లకి అద్దెదారుల చట్టం వర్తించదట! అక్కది సరిగ్గా అదే పరిస్థితి. నేను గట్టిగా మాట్లాడితే ఆయన అక్క సామాను బయటపెట్టమంటాడు. అయితే నోరు మూసుకోవాలా? కిటికీలో పొలాలు పోతూనే ఉన్నాయి, నాకొక్కటీ కనబడలేదు.

స్టేషన్‌కి దగ్గర్లో మాంసం కొట్టు ఉంది. గింజలతో వండుతామని చెబితే కొట్టాయన వెల్లుల్లి వేసిన పంది సాసేజి తూచి, "ముందు ఎర్రగా వేయించండి. ఓవెన్‌లో పెట్టాక దాని జోలికి పోవద్దు" అన్నాడు. శనివారం బస్సు ఎప్పుడొస్తుందో తెలియక ఇంటికి నడిచేశాను.

ఇంటి ఓనరు ప్రసాదరావు అంకుల్ రిటైరైన ఇంజినీరు. నా చేతిలో సంచి చూడగానే గ్యారేజీ తలుపు ఎత్తారు. అక్కడ కారు పక్కన బల్ల మీద గ్యాసు పొయ్యి, మసిబారిన బాండీ.

"మాకేం పట్టింపు లేదు బాబూ, మేమూ తింటాం. చేపలైనా కోడైనా మీ ఆంటీ ఇక్కడే వండుతుంది. ఇల్లు ఇల్లే కదా!"

"తిన్న మనిషి లోపలికి రావచ్చు, కూర మాత్రం రాకూడదా అంకుల్?"

"వాసన బాబూ. రేపు ఇల్లు అమ్మాలంటే?"

ఎవరి వంట కంపో, ఎవరిది ఘుమఘుమో తీర్పు చెప్పే అధికారం ఎవరిచ్చారని అడగబోయాను. అక్క నా చెయ్యి గిల్లింది. "ఒరేయ్, నాకు గది కావాలి. నీకు సాయంత్రం రైలుంది."

చలికి కోట్లు వేసుకుని గ్యారేజీలోనే గింజలు ఉడకబెట్టాం, సాసేజి వేయించాం, ఉల్లి, క్యారెట్, టమాటా మగ్గించాం. సగం ఒక గిన్నెలోకి తీసి పైన బ్రెడ్డు పొడి చల్లాం. ఇక ఓవెన్ కావాలి. అది వంటింట్లో ఉంది.

"ఆ ఓవెన్ పనిచేయదు" అన్నారు అంకుల్.

"వెలిగించి చూశారా?"

"ఇంజినీరుకి చెబుతున్నావా? రా, చూడు." బటన్ తిప్పారు. "చూశావా? చప్పుడే లేదు." తర్వాత ఈ దేశంలో తాను పడ్డ కష్టాల గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. అది సగంలో ఉండగా నల్లటి పొగ, వెంటనే అలారం. ఓవెన్ నిండా బాండీలు, ఇడ్లీ రేకులు, వాటిపైన ఆంటీ దాచుకున్న ఖాళీ పెరుగు డబ్బాలు. ప్లాస్టిక్ తీగలు తీగలుగా కారుతోంది.

మేడ మీంచి భారతి ఆంటీ పరుగున వచ్చి, అలారం కింద తువ్వాలు ఊపుతూ, "తలుపు తీసి చూడకుండా తిప్పే ఇంజినీరు మీరొక్కరే!" అన్నారు. కిటికీలన్నీ తెరిచాక మా వైపు తిరిగారు. "ఈ కంపు ముందు నీ సాసేజి ఎంతమ్మా. ఓవెన్ కడుగుదాం పట్టు, తర్వాత తీసుకురా నీ గిన్నె."

అక్కకి చేతులు ఊరుకోవు. గిన్నె ఓవెన్‌లో పెట్టాక, పప్పు కలిపినట్టు మాటిమాటికీ తలుపు తీసి గరిటె పెట్టింది. పైపొర విరిగి లోపలికి మునిగిపోయింది, గింజలు ముద్దయ్యాయి. "సోమవారం అక్కడ ఇలాగే చేసేదాన్ని కదరా" అంది. మిగిలిన సగం ఇంకో గిన్నెలో వేసి, పొడి చల్లి ఓవెన్‌లో పెట్టింది. ఈసారి గరిటె నా చేతికిచ్చి, తను వెళ్లి మెట్ల మీద కూర్చుంది. పొర బంగారు రంగులో, కరకరలాడుతూ వచ్చింది. అంకుల్ కూడా ఒక ప్లేటు పెట్టించుకుని, కోటు వేసుకుని, గ్యారేజీలోకి వెళ్లి నిలబడి తిన్నారు!

సోమవారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది: ఉద్యోగం వచ్చింది. సంతోషమే, కానీ నా కోపం మాత్రం తగ్గలేదు. కాలిన పెరుగు డబ్బాల పుణ్యమా అని దొరికిన ఓవెన్‌ని న్యాయం అని ఎలా అనను? ఆ పొగే రాకపోతే ఒక మనిషి బతుకుతెరువు మరొకరి ఇంటి వాసన కింద నలిగిపోయేది, అది ఎవరికీ తప్పుగా తోచేది కాదు. పరాయి దేశంలో మనల్ని వాసన చూసి దూరం పెడితే అవమానమంటాం, సభలు పెట్టుకుంటాం. అదే పని మన ఇంటి మెట్ల కింద ఉన్న పిల్లకి చేస్తే ఆచారమంటాం.

గది వెతుక్కుంటున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంట్లో ఏం వండుకోవచ్చో అడగండి. మొహమాటపడి "నాన్‌వెజ్" అని నసగకండి. కోడి, చేప, పంది, గొడ్డు, మీరు ఏది తింటే దాని పేరు పెట్టి అడగండి.