పట్టిక ఎవరు తీసిన్రు

ఆ పొద్దు ప్రాజెక్టు తెరుస్తుంటే ఒక చిన్న బాక్సు అడ్డం వచ్చింది. ఒక కాంపొనెంట్ దొరుకుతలేదు, లోడ్ కాలేదు అని అందుల ఉన్నది. ఓకే నొక్కిన. ఫారం తెరుచుకున్నది గని, నడిమధ్యల రైతు పేరు, సరుకు, తూకం వరుసగ కనపడే పట్టిక జాగల ఉట్టి తెల్ల డబ్బా ఉన్నది. గీతలు లేవు, గడులు లేవు. ముందురోజు ఐదింటికి నేను బస్సుకు పోయేటప్పుడు ఆ పట్టిక మంచిగనే ఉన్నది. నేను పోయినంక ఆ కంప్యూటర్ ముందట కూసున్న మనిషి ఒక్కరే.

మా ఆఫీసు మొయినాబాద్‌ల, చేవెళ్ల రోడ్డు మీద, మందుల దుకాణం పైన రెండు గదులు. కూరగాయలు కొనే సెంటర్లకు తూకం సాఫ్ట్‌వేర్ చేస్తుంటిమి. రైతు క్యారెట్ సంచి కాంటా మీద పెడితే తూకం పట్టికల పడాలె, చీటీ బయటికి రావాలె. సెంటర్లు, ఆఫీసు రెండూ ఒక్కాయనవే. చిన్న మంగళారంల భూములున్న ఇంటి మనిషి, రాజకీయాలల్ల తిరుగుతడు. నేను ఆయనను అన్న అంటుంటి, ఆయన నన్ను చెల్లె అంటుండె. ఆ ప్రోగ్రాం మొదలు రాసింది మాత్రం సార్. యాభై ఐదు దాటిన మనిషి, ఇల్లు సురంగల్. పొద్దుగాల పొలం చూసుకొని నాలుగింటికి వచ్చి ఏడింటి దాక పని చేస్తుండె. ముడిమ్యాల నుంచి బస్సుల వచ్చే నాకు ఆ పని నేర్పింది ఆయననే. రెండేండ్లు పక్కన కూసొని నేర్చుకున్న.

ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ శానా పాతది. కొత్త కంప్యూటర్ల మీద ఎక్కదు. కిటికీ పక్కనున్న ఒక్క పాత కంప్యూటర్ మీదనే నడుస్తుండె. దాన్నే ఇద్దరం వాడాలె. అందుల పట్టిక గీసే ముక్క మేం రాసింది కాదు. ఎవరో చేసి పెట్టిన ముక్కను తెచ్చి మా ఫారంల పెట్టుకుంటం. దాన్నే కాంపొనెంట్ అంటరు. ఆ ఫైలు కంప్యూటర్ల లేకపోతే పట్టిక లేనట్టే. ఇంకో తిప్పలేందంటే, అది లేనప్పుడు ఫారం తెరిచి తెల్వక సేవ్ నొక్కితే ఆ తెల్ల డబ్బానే ఖాయమైతది. తర్వాత ఫైలు తెచ్చి పెట్టినా పట్టిక రాదు, మళ్ల మొదటి నుంచి గియ్యాలె. నేను పరేషాన్ల సేవ్ నొక్కిన. పాత సీడీ వెతికి ఫైలు పెట్టి, పట్టిక మళ్ల గీసేసరికి మధ్యాహ్నం మూడైంది.

సార్ వచ్చినంక చెప్పలే. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకు తెల్వది. ఊకె ఆయన మొకం చూసిన. ఆయన చెప్పులు విడిచి, గ్లాసు కడుక్కొని, కంప్యూటర్ ముందట కూసున్నడు. ఏమీ జరగనట్టే ఉన్నడు. ఏమీ జరగనట్టు ఉండుడు గూడ నాకు అనుమానంగనే అనిపించింది.

నాలుగు రోజులకు మళ్ల అదే బాక్సు. ఆ తర్వాత వారానికి ఇంకోసారి.

ఆ రోజులల్ల ఆఫీసుల ఒక మాట నడుస్తుండె. ఇగ నేను పని నేర్చుకున్న గదా, ఇద్దరెందుకని అన్న అనుకుంటున్నడని. నాకు నేరుగ చెప్పలే, ఫోన్ల ఎవరితోనో అంటుంటే విన్న. సార్ చెవుల పడకుండ ఉంటదా? ఆయన లేకపోతే పని ఆగుతదని చూపెట్టనీకి పట్టిక తీసేస్తున్నడేమో అనిపించింది. ఒక్కసారి అట్ల అనిపించినంక అన్నీ దానికే కుదురుతయి. నేను ఏడింటి దాక ఉన్న రోజులల్ల చూసిన, పోయేటప్పుడు సార్ ఒక పెన్ డ్రైవ్ పెట్టి ఏదో ఎక్కించుకుంటడు, అంగి జేబుల వేసుకొని బొత్తం పెడతడు. ఫోన్ వస్తే మెట్ల మీదికి పోయి మాట్లాడుతడు. నేను లోపలికి వస్తే స్క్రీను మీద తెరిచింది ఏదో చిన్నగ చేస్తడు. రెండేండ్ల నుంచి ఆయన అట్లనే చేస్తుండొచ్చు. నేను చూసింది మాత్రం ఇప్పుడే.

పొద్దుగాల రాంగనే కుర్చీ ఎటు తిరిగున్నదో, మౌసు ఎక్కడున్నదో చూసుడు మొదలుపెట్టిన. ఒక నోట్‌బుక్కుల ఏ రోజు పట్టిక పోయిందో, ముందురోజు ఆఖరుకు ఎవరు కూసున్నరో రాసుకున్న. మూడుసార్లు మూడు వరుసలు. మూడిట్ల సార్ ఉన్నడు. రోజూ వచ్చే మనిషి ఏ వరుసల అయినా ఉంటడన్న సోయి నాకు లేకుండె.

పట్టిక నాలుగోసారి పోయిన రోజు, సెంటర్ల కోసం చీటీ మార్చి ఇయ్యాలె. అన్న వచ్చి నా వెనక నిలబడ్డడు. తెల్ల డబ్బాను చూసి "ఇదేంది" అన్నడు.

నేను ఊకుండాల్సింది. నోట్‌బుక్కు తీసి చూపెట్టిన.

"నిన్న ఎవరు లాస్ట్ కూసున్నరు?"

"సారే అన్న."

"మొన్న?"

"సారే."

అన్న నోట్‌బుక్కు తీసుకొని వరుసలు చదివిండు. "నాకు గూడ అదే డౌటు ఉండె చెల్లె," అన్నడు. ఆయన గొంతుల కోపం లేదు. వెతుకుతున్న వస్తువు దొరికితే మనిషి ఎట్ల మాట్లాడుతడో అట్ల మాట్లాడిండు. అది నాకు అప్పుడే తెలిసింది. తెలిసి గూడ నోరు మూసుకున్న.

ఆ సాయంత్రం సార్ వచ్చినప్పుడు అన్న ఆయనను లోపలి గదిలకు పిలిచిండు. ఎక్కువసేపు పట్టలే. సార్ బయటికి వచ్చి గ్లాసు, కండ్లద్దాల డబ్బా సంచిల పెట్టుకున్నడు. తాళంచెవి నా టేబుల్ మీద పెట్టిండు. పోబోయి ఆగి అడిగిండు.

"ఏం ఎర్రర్ వచ్చిందమ్మా?"

"కాంపొనెంట్ మిస్సింగ్ సార్."

"అది రాకముందు ఏం తీసేసినవు?"

నాకు మండింది. చేసింది తను, అడుగుతున్నది నన్ను. "నేనేం తీసెయ్యలే సార్," అన్న, మొకం కిటికీ దిక్కు పెట్టి. ఆయన చెప్పులు తొడుక్కున్నడు. మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడు కింది దాక వినపడ్డది.

తర్వాత పది రోజులు పట్టిక పోలే. ఒక్కరోజు గూడ పోలే. నా అనుమానం నిజమైనట్టే అనుకున్న. మా ఇంట్ల చెప్పుకున్న, చేవెళ్ల బస్సుల కలిసిన సోపతి పిల్లకు గూడ చెప్పుకున్న. మనిషిని నమ్మేటట్టు లేదు, పని నేర్పిన మనిషే గిట్ల చేసిండని.

ఇక్కడ నేను ముందుగాలనే చెప్పాల్సిన ముచ్చట ఒకటున్నది. అప్పుడు ఊర్లల్ల సర్పంచ్ ఎలక్షన్లు. మా తమ్ముడు ముడిమ్యాలల నిలబడ్డడు. అన్న బలపరుస్తున్న మనిషి మా తమ్ముని మీదనే నిలబడ్డడు. తమ్ముని కరపత్రాలు తెలుగుల టైపు చేసియ్యాలె, ఇంట్ల కంప్యూటర్ లేదు. అందుకని నేను జల్ది బస్సుకు వచ్చి, ఆఫీసుల ఎవరూ లేనప్పుడు, ఆ కిటికీ పక్క కంప్యూటర్ల ఒక పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకొని టైపు చేస్తుంటి. అయిపోంగనే దాన్ని తీసేస్తుంటి. అన్న చూస్తే పని పోతదని భయం. ఇంకో కరపత్రం అక్కరపడితే మళ్ల ఎక్కించుడు, మళ్ల తీసేసుడు. సార్ మీద రాసిన నోట్‌బుక్కుల ఈ ముచ్చట ఒక్క అక్షరం రాయలే. ఇది నా సొంత పని, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకున్న.

పదకొండో రోజు తమ్ముడు మళ్ల కాగితం పంపిండు, వార్డుకో ఉత్తరం కావాలని. పొద్దుగాల టైపు చేసిన, తీసేసిన, కంప్యూటర్ బంద్ చేసి మళ్ల పెట్టిన. కింద చాయ్ తాగి వచ్చి ప్రాజెక్టు తెరిస్తే అదే బాక్సు. తెల్ల డబ్బా.

సార్ లేడు. అయినా నా మనసు సార్ దిక్కే పోయింది. ఇంకో తాళంచెవి చేయించుకున్నడేమో, రాత్రి వచ్చి పోయిండేమో అనుకున్న. ఊడ్వ వచ్చే అవ్వ మీద గూడ అనుమానం పడ్డ, ఆమెకు కంప్యూటర్ పెట్టుడే రాదు. గదిల తలుపు మీద కెమెరా ఉన్నది, దొంగల కోసం పెట్టింది, ఊకె దాన్ని ఎవరు చూస్తరు అనుకుంటుంటి. అన్న వచ్చినంక అడిగిన.

"అన్న, నిన్నటి నుంచి ఈ గదిలకు ఎవరొచ్చిన్రో జర చూడాలె."

అన్న తన ఫోన్ తెరిచి నా చేతుల పెట్టిండు. "చూస్కో చెల్లె. పదిహేను రోజులది ఉంటది. నేనైతే రోజూ చూస్త," అని లోపలికి పోయిండు.

ముందుగాల సార్ ఉన్న ఆఖరు రోజులు చూసిన. ఏడింటికి లేస్తడు, పెన్ డ్రైవ్ పెడతడు, తీస్తడు, కంప్యూటర్ బంద్ చేస్తడు, లైటు ఆర్పుతడు. అంతే. ఆ తర్వాత తెల్లారే దాక చీకటి గది, ఎవరూ లేరు. పొద్దుగాల ఎనిమిదిన్నరకు తలుపు తెరిచి ఒక ఆమె వస్తది. సంచి కింద పెట్టి, కూసునే ముందు మెట్ల దిక్కు చూస్తది. టైపు చేస్తది. మళ్ల తలుపు దిక్కు చూస్తది. జల్ది జల్దిగ ఏవో నొక్కుతది, లేస్తది. నన్ను నేను వెనక నుంచి ఎప్పుడూ చూసుకోలే. ఆ భుజాలు, ఆ మెడ తిప్పుడు చూస్తే ఎవరన్న దొంగ అనే అనుకుంటరు. ఆ గదిల తలుపు దిక్కు చూసుకుంట పని చేసిన మనిషిని నేనొక్కదాన్నే.

ఫోన్ పక్కన పెట్టి, టైపింగ్ సాఫ్ట్‌వేర్ మళ్ల ఎక్కించిన. ఈసారి తలుపు దిక్కు చూడలే. తీసేసేటప్పుడు వచ్చే ప్రతి బాక్సు నిదానంగ చదివిన. మూడోది అడుగుతున్నది: ఈ ఫైలును ఇంకే ప్రోగ్రామూ వాడుతున్నట్టు లేదు, తీసెయ్యాల్నా అని. కింద ఫైలు పేరున్నది. మా పట్టిక ఫైలే. ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ల ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తదో చూపెట్టే పట్టిక గూడ ఆ ముక్కతోనే గీసిన్రు. నేను ప్రతిసారి చదవకుండ, తొందరల, అన్నిటికీ ఎస్ అని నొక్కిన. అట్ల ఐదుసార్లు.

బాత్రూంల పోయి మొకం కడుక్కున్న. సార్ అడిగిన మాట అప్పుడు మతికొచ్చింది. ఆయన నా మీద నింద పెట్టలే. ఆ ఎర్రర్ వస్తే ఎవరైనా అడగాల్సిన మొదటి మాట అది.

మధ్యాహ్నం సెలవు పెట్టి సురంగల్ పోయిన. సార్, ఆయన భార్య ఇంటి ముందట గోనెసంచి పరిచి కొత్తిమీర కట్టలు కడుతున్నరు. ఆమె లేచి నీళ్లిచ్చింది. నేను నిలబడే చెప్పిన, అంతా చెప్పిన. కరపత్రాలు, నోట్‌బుక్కు, అన్నకు చూపెట్టింది. సార్ కట్ట కట్టుడు ఆపలే.

"నువ్వు ఏదో ఎక్కిస్తున్నవని తెల్సు," అన్నడు. "కంప్యూటర్ల దాని ఫోల్డరు మిగిలింది. నా పని గుంజుకోనీకి ఏమన్న రాస్తున్నవేమో అనుకున్న. అందుకే నువ్వొస్తే నా స్క్రీను మూస్తుంటి."

"నేనట్ల అనుకోలే సార్."

"నేనేమో అనుకున్న," అన్నడు.

పెన్ డ్రైవ్ తెచ్చిచ్చిండు. రోజూ ప్రాజెక్టు మొత్తం అందుల దాచుకుంటుండెనట. ఆఫీసుల ఇంకో కాపీ ఎక్కడా లేదని, ఆ కంప్యూటర్ పోతే అంతా పోతదని. పట్టిక చెడని ఫారం అందుల తేదీ వారీగ ఉన్నది.

"రేపు అన్నకు చెప్త సార్. మీరు మళ్ల రావాలె."

"చెప్పుకో, నీ ఇష్టం. నేను రాను. నన్ను పంపాల్నని ఆయన ముందుగాలనే అనుకున్నడు. ఒక సాకు కావాల్సుండె, నువ్వు ఇచ్చినవు." ఆ మాటల కోపం ఉన్నదా లేదా అని ఎంత చూసినా నాకు తెలవలే. ఆయన భార్య మాత్రం నా దిక్కు చూడకుండ ఒక కొత్తిమీర కట్ట సంచిల పెట్టిచ్చింది. వద్దనలేక తీసుకున్న.

తెల్లారి అన్నకు చెప్పిన. కరపత్రాల ముచ్చట గూడ దాచలే. పని పోతదని తయారయ్యే పోయిన. అన్న ఫోన్ చూసుకుంటనే విన్నడు.

"అయిందేదో అయింది చెల్లె. ఇగ నువ్వే చూస్కో."

"సార్‌ది తప్పు లేదన్న."

"సరే అంటున్న గద."

కెమెరా రోజూ చూస్త అన్న మనిషి. సార్ ఏం చెయ్యలేదన్నది, నేను పొద్దుగాల ఏం చేస్తున్నన్నది ఆయనకు ముందుగాలనే తెల్సో తెల్వదో నేను అడగలే. తెల్సినోడు నన్నెందుకు ఉంచిండు, తెల్వనోడు అంత నిమ్మళంగ ఎట్లున్నడు? ఎలక్షన్ల మా తమ్ముడు ఓడిపోయిండు. ఆ వారం అన్న ఆఫీసుల మిఠాయి పంచిండు, నాకు రెండు ఇచ్చిండు. అది మర్యాదనో, ఇంకేమన్ననో తెల్వక టేబుల్ మీద పెట్టి ఇంటికి పోయిన.

ఆ పనిల ఇంకో ఐదు నెలలు ఉన్న. తర్వాత చేవెళ్లలనే వేరే దగ్గర చేరిన.

మొన్నామధ్య చేవెళ్ల బస్టాండ్ కాడ సార్ కలిసిండు. ఆయననే పలకరించిండు. ఇద్దరం చాయ్ తాగినం. ఈ యేడు పంట ఎట్లున్నదో చెప్పిండు, నేను కొత్త పని ముచ్చట చెప్పిన. కొత్తగ ఏదో యాప్ పెట్టుకున్నడట, తెరుచుకుంటలేదని ఫోన్ నా చేతికిచ్చిండు. సరిచేసి ఇచ్చిన. పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చినప్పుడు ఆయన ఫోన్‌ను తన దిక్కు తిప్పుకొని, ఇంకో చెయ్యి అడ్డం పెట్టిండు. నేను వికారాబాద్ దిక్కు నుంచి వస్తున్న బస్సు బోర్డు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డ.