గుప్పెడు బియ్యంతో కొన్న డ్రమ్ము

ఇరవై రెండేళ్ల కింద నేను ఒక తల్లితో ఆమె కొడుకు గురించి ఒక మాట అన్నాను. ఆ మాట అబద్ధం. అప్పటి నుంచి దాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, ఎందుకంటే నిజంగా మోసింది వాళ్లిద్దరూ. నేను బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, నలుగురిలో పేరు కూడా తెచ్చుకున్నాను. ఎప్పుడైనా గిటారు తీగలు సరిచేసుకుంటూ ఉంటే ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోతుంది. ఏమైందని పక్కవాళ్లు అడుగుతారు. ఏం లేదంటాను.

నా పేరు చెప్పను. ఇది మొదటి పిరికితనం, గుర్తుపెట్టుకోండి, ఇంకా వస్తాయి. హైదరాబాదులో రికార్డింగులకు గిటారు వాయించి బతుకుతాను, అంతవరకు చెప్పగలను. ఆదోని లాంటి ఊళ్లో రాక్ సంగీతం ఎలా అబ్బింది సార్ అని కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అడుగుతుంటారు. నేను పత్తి బేళ్ల కథ చెబుతాను. మా నాన్నది పత్తి వ్యాపారం. గోడౌన్లో బేళ్ల మధ్య చోటు చేసుకుని వాయించేవాళ్లం. ఎంత గట్టిగా మోగించినా చప్పుడు బయటికి పోయేది కాదు, పత్తి అంతా పీల్చుకునేది. ముక్కుల్లో దూది, గొంతులో దూది, పాడితే దగ్గు. అందరూ నవ్వుతారు. ఆ కథ నేను ఎప్పుడూ అక్కడికే ఆపేస్తాను.

మీకు మిగతాది చెబుతాను.

మేం ముగ్గురం. నేను గిటారు, పాట. బేస్ గిటారు ఖాదర్. డ్రమ్స్ ప్రకాశం. బ్యాండు పేరు బ్లాక్ కాటన్. ఖాదర్ పెట్టాడు, మాకు అప్పట్లో అది ప్రపంచంలోకెల్లా గొప్ప పేరనిపించింది. ప్రకాశం ఎమ్మిగనూరు పక్కన ఒక పేట నుంచి రోజూ బస్సులో ఆదోని కాలేజీకి వచ్చేవాడు. తండ్రి తాగి తాగి, వీడు ఎనిమిదో తరగతిలో ఉండగా పోయాడు. తల్లి మార్తమ్మ కూలికి పోయేది, పత్తి ఏరేది, పేటలోని చర్చి ఊడ్చేది. చర్చి తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది.

ప్రకాశం డ్రమ్స్ నేర్చుకున్నది ఆ చర్చిలోనే. నేర్పిన వాళ్లు ఎవరూ లేరు. ఒక ఆదివారం వాడు వాయిస్తుంటే వినడానికి వెళ్లాను. చెప్పులు విప్పి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒక పాటలో వాడు చేతులు రెండూ ఆపేసి, కుడికాలితో మాత్రం పెద్ద డ్రమ్ము మీద మెల్లగా కొడుతూ పోయాడు, లోపల ఆడవాళ్లంతా కళ్లు మూసుకున్నారు. నాకు ఒళ్లు జలదరించింది. ఆనందంతోనే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఈర్ష్య ఎంత, ఆనందం ఎంత? నేను అంత బాగా వాయించలేనని నాకు ఆ రోజే తెలిసింది. జరిగినదానికి ఇదే కారణం అని చెప్పుకుంటే కొంచెం గొప్పగా ఉంటుంది. కానీ అది కూడా కాదు. కారణం భయమే.

ఆ డ్రమ్ముల సంగతి చెప్పాలి. పేటలో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచి పోసుకున్నాక, అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడిది. ఇంట్లో ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక గుప్పెడు. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి తెచ్చి గోనెసంచిలో పోస్తారు, తర్వాత ఆ బియ్యం అమ్ముతారు. డ్రమ్ముల కోసం అలా ఐదేళ్లు పోశారట. కూలి దొరకని రోజుల్లో కూడా. పెద్ద డ్రమ్ము ముందువైపు తెల్లటి చర్మం మీద నీలం రంగుతో రాయించారు: స్త్రీల సమాజం కానుక.

మాకు సొంత డ్రమ్ములు లేవు. గోడౌన్లో ప్రకాశం ఖాళీ డబ్బాల మీద వాయించేవాడు. కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. ఆ చర్చి డ్రమ్ములు తెమ్మని వాడి వెంట పడింది నేనే. చర్చి సంఘ పెద్ద ఒప్పుకోడు, దేవుడి పాటలకు తప్ప బయటికి ఇవ్వరు అన్నాడు. అయితే మీ అమ్మను అడుగు, తాళం ఆమె దగ్గరే ఉంది కదా అన్నాను. ఒక్కరోజే కదా అన్నాను. నువ్వు రాకపోతే బ్యాండే లేదన్నాను, అది నిజం కూడా. వారం రోజులు సతాయిస్తే వాడు తల్లితో, ఆదోనిలో క్రైస్తవ విద్యార్థుల కూడిక ఉందని చెప్పి తెచ్చాడు. ఆమె పెద్దకు చెప్పకుండా కొడుకును నమ్మి తాళం తీసింది. చూడండి, మొదటి అబద్ధం వాడిదే. ఆ ఒక్కదాన్ని పట్టుకుని నేను చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

స్త్రీల సమాజం కానుక అన్న అక్షరాల మీద, మైదా ఉడకబెట్టి, బ్లాక్ కాటన్ అని రాసిన చార్టు అంటించాను. ప్రకాశం పక్కనే నిలబడి చూశాడు. ఊడదీసేటప్పుడు రంగు పోకుండా చూడమని మాత్రం అన్నాడు.

ఖాదర్ వాళ్లింట్లో మేం విదేశీ రాక్ బ్యాండ్ల వీడియో సీడీలు చూసేవాళ్లం. ఆ గాయకులు ఆఖరి పాటలో గిటారు నేలకేసి కొడతారు, డ్రమ్ములు తన్నేస్తారు, జనం పిచ్చెక్కినట్టు అరుస్తారు. వాళ్లకు వెనకాల ఇంకో పది గిటార్లు ఉంటాయన్న ఆలోచన మాకు రాలేదు. అది రాక్ సంగీతంలో ఒక తంతు అనుకున్నాం, హారతి లేకుండా పూజ ముగియనట్టు. వార్షికోత్సవం రోజు మిట్టమధ్యాహ్నం షామియానా కింద ఐదు పాటలు వాయించాం. ఆఖరి పాటకు కుర్రాళ్లు కుర్చీలెక్కి ఈలలు వేస్తున్నారు. నాకు కూడా ఏదో ఒకటి పగలగొట్టాలనిపించింది. చేతిలో గిటారు ఉంది. దాన్ని నాన్న బెంగళూరు నుంచి తెప్పించాడు. దాన్ని పైకెత్తాను కూడా. ఆ క్షణం నాన్న ముఖం గుర్తొచ్చింది. గిటారు దించాను. వెనక్కి తిరిగి బూటుకాలితో పెద్ద డ్రమ్మును తన్నాను.

ఈ తేడా నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో మీకు చెప్పలేను. అంటే ఆ ఊపులో కూడా నాకు తెలివి ఉంది. ఏది ఎవరిదో తెలుసు. ఎవరిది పగిలితే నన్ను ఎవరూ ఏమీ అనరో తెలుసు.

చర్మం చిరిగి బూటు లోపలికి పోయింది. కాలు లాక్కునేసరికి డ్రమ్ము దొర్లి వేదిక మీంచి రాతిబండల మీద పడింది, చెక్క నిలువునా పగిలింది. చార్టు చినిగి నీలం అక్షరాలు సగం బయటపడ్డాయి. జనం చప్పట్లు, ఈలలు. ప్రకాశం స్టూలు మీద అలాగే కూర్చున్నాడు. రెండు చేతుల్లో పుల్లలు. "ఏందప్పా ఇట్ల జేస్తివి?" అన్నాడు. అంతే. తర్వాత దిగి వెళ్లి చెక్క పేళ్లు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. నేను జనం వైపు తిరిగి చేతులు ఊపుతున్నాను.

రెండు రోజుల తర్వాత పొద్దున నాన్న నన్ను కొట్లో కూర్చోబెట్టుకుని ఉండగా, సంఘ పెద్ద, మార్తమ్మ వచ్చారు. ఆయన రిటైరైన టీచరు, మెల్లగా మాట్లాడతాడు. డ్రమ్ము జారి పడిందని ప్రకాశం చెప్పాడట. నా పేరు ఎత్తలేదట. కానీ చర్మం మీద బూటు గుర్తు ఉంది. నాన్న రాస్తున్నది ఆపి నా వైపు చూశాడు. మార్తమ్మ మెట్టు కిందే నిలబడింది, పైకి రమ్మన్నా రాలేదు.

"నాయినా, నువ్వు సెప్పు," అంది. "మావోడు పడిందంటాండాడు. పెద్దాయన తన్నినారంటాండాడు. నువ్వు ఆడనే ఉంటివి గదా. ఎవురు తన్నినారు?"

నా కాళ్లకు అవే బూట్లు. ఆమె చూపు వాటి మీద పడలేదు. నా ముఖంలోకే చూస్తోంది.

"వాడే తన్నినాడమ్మా," అన్నాను.

"మావోడా? వాడెందుకు తంతాడు నాయినా? ఆ డ్రమ్మంటే వానికి పానం."

అక్కడ ఆగి ఉండొచ్చు. తెలియదమ్మా అని ఉండొచ్చు. ఆమె నమ్మలేదు, అది నాకు కనిపిస్తోంది, పక్కన నాన్న చూపు గుచ్చుకుంటోంది. నమ్మించడానికి ఇంకొకటి కావాలి. అది నోట్లోకి దానంతటదే వచ్చింది. దానంతటదే వచ్చిందా? కాదు. వాళ్ల నాన్న ఎలా పోయాడో ప్రకాశమే నాకు చెప్పాడు, గోడౌన్లో, ఒక్క నాకే. నేను అందులోంచి తీసి వాడాను.

"తాగినాడమ్మా," అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తాగినాడా," అంది. ప్రశ్న కాదు. "వాళ్ల నాయిన మాదిరే." నాన్న తానే బాగుచేయిస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "వొద్దు సామీ. మా బియ్యంతో కొనింటిమి, మా బియ్యంతోనే బాగుజేసుకుంటాము." నా వైపు తిరిగి, "నిజం సెప్పినావు నాయినా, సల్లగుండు," అంది.

వాళ్లు వెళ్లిపోయాక నాన్న నా బూట్లు చూశాడు. వాళ్ల గొడవ మనకెందుకులే అని మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు.

చర్చిలో ప్రకాశాన్ని మళ్లీ డ్రమ్ముల దగ్గరికి రానివ్వలేదు. వాడు కాలేజీ మానేసి, పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో చేరాడు. నన్ను నిలదీస్తాడని నెలల తరబడి ఎదురుచూశాను. ఒక్కసారైనా వచ్చి నా చొక్కా పట్టుకుని ఉంటే బాగుండేది. రాలేదు. నేను బెంగళూరు పోయాను, అక్కడి నుంచి హైదరాబాదు. ఖాదర్ మాత్రం ఫోన్ చేసేవాడు. వాడు కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు, వాడికీ తెలుసు, మేమిద్దరం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం వేరే ఏదో చెబుతూ అన్నాడు: "మార్తమ్మ రోజూ సాయంత్రం ప్రకాశంతో నోరు తెరిపిచ్చి వాసన సూస్తుందంటప్పా. పెండ్లయి పిల్లోల్లు పుట్టినా గూడా." నేను ఫోన్ పెట్టేశాను. నలభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి మిల్లు నుంచి వచ్చి, భార్యాపిల్లల ముందు, తల్లి ముందు వంగి నోరు తెరుస్తాడు. నేను తాగలేదమ్మా అని ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు? ఎప్పటి నుంచి చెప్పడం మానేసి ఉంటాడు?

పోయిన నెల మార్తమ్మ చనిపోయింది. ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడికకు వెళ్లాను. ఎందుకు వెళ్లాను? చెప్పేద్దామని. బస్సులో మాటలు కూడా పేర్చుకున్నాను. చర్చి మూలలో ఆ డ్రమ్ము ఉంది. పగిలిన చోట ఇనుప పట్టీ బిగించారు. చర్మం కొత్తది, నీలం అక్షరాలు మళ్లీ రాయించారు. ప్రకాశం ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు, జుట్టు నెరిసింది.

పాస్టరు కుర్రవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. మార్తమ్మ భక్తిని మెచ్చుకుంటూ చెప్పాడు. అందరూ ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు తీస్తే ఆమె రెండు తీసేదట. ఒకటి దేవుడికి, రెండోది డ్రమ్ము బాగుచేయించడానికి, కొడుకు తాగుడు మానాలని. డ్రమ్ము బాగుపడ్డాక కూడా ఆపలేదట. కోడలు వద్దన్నా ఆపలేదట, ఆ రెండో గుప్పెడు తన వాటాలోంచే తగ్గించుకునేదట. "ఆ తల్లి ప్రార్థన దేవుడు ఆలకించినాడు, ఈ దినము మన ప్రకాశమన్న చుక్క ముట్టడు," అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ప్రకాశం తల ఎత్తలేదు.

తర్వాత నన్ను పిలిచారు. ఇంత పెద్ద వాయిద్యకారుడు మన మధ్యకు వచ్చాడు, రెండు మాటలు చెప్పాలన్నారు. మైకు చేతికిచ్చారు. ఇంకేం కావాలి? అందరూ అక్కడే ఉన్నారు. పేర్చుకున్న మాటలు నాలుక మీదే ఉన్నాయి. నేను, మార్తమ్మ లాంటి తల్లులు అరుదు అన్నాను. ఆమె దీవెన వల్లే పైకి వచ్చానన్నాను. కళ్లు తుడుచుకున్నాను కూడా. కన్నీళ్లు నిజమైనవే, అదే నాకు ఇంకా అసహ్యంగా ఉంది.

బయట భోజనాలు. విస్తరాకు ముందు కూర్చున్నాను. వడ్డిస్తున్నది ప్రకాశం. నా దగ్గరికి వచ్చి ఆగాడు. "వచ్చినావాప్పా," అన్నాడు. తల ఊపాను. అన్నం పెట్టాడు. ఒక గరిటె, రెండో గరిటె. చాలన్నాను. "తినప్పా, మా యమ్మ పేరు మీద కదా," అని పక్క విస్తరికి వెళ్లిపోయాడు. దెప్పాడా? వాడి గొంతులో అలాంటిదేమీ లేదు. నేను మెతుకు మిగల్చకుండా తిన్నాను, ఇంకేం చేయాలో తోచలేదు.

ఇది అచ్చయితే తీసుకెళ్లి ప్రకాశం చేతిలో పెడతానని రాయాలని ఉంది. రాయను. మైకు చేతికిచ్చినా చెప్పలేని నాలాంటి వాడి మాట మీరు మాత్రం ఎందుకు నమ్మాలి? ప్రకాశం క్షమిస్తాడా అన్నది కూడా నేను అడగకూడని ప్రశ్న. వాడు క్షమించినా, రోజూ సాయంత్రం నోరు తెరిపించిన ఆ తల్లికి ఇక ఎవరూ చెప్పలేరు. నేను చేయగలిగింది ఒక్కటే, ఆ రోజు కొట్లో చెప్పాల్సినది ఇప్పుడు రాయడం.

డ్రమ్మును తన్నింది నేను. ప్రకాశం తాగలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ తాగలేదు. మార్తమ్మా, నీ కొడుకు నోట ఏ వాసనా లేదు.

రాశాను.