అద్దంలో నేర్చిన అడుగులు

టారిన్ క్రీక్ హాల్లో శనివారం డాన్సు అనగానే ఎవరికైనా థెల్మా హాకింగ్ వీపే గుర్తొచ్చేది. పియానో గోడకి ఆనించి ఉండేది, ఆవిడ దాని ముందు కూర్చునేది, మిగతా ఊరంతా ఆవిడ వెనకాల గిరగిరా తిరిగేది. ఎంత మంచి గౌను వేసుకొచ్చినా పాపం, ఆడవాళ్ళు మెచ్చుకునేది వెనక బొత్తాలనే.

పద్నాలుగేళ్ళప్పుడు ఆ స్టూలెక్కింది. అంతకుముందు వాయించే ముసలావిడకి వేళ్ళు కొంకర్లు పోయి, "ఈ ఒక్క వారం కూర్చోవే తల్లీ" అంది. ఆ ఒక్క వారం కాస్తా ముప్ఫై ఏళ్ళయింది. ఈలోపు థెల్మాతో బళ్ళో చదివిన పిల్లలంతా ఆ హాల్లోనే జతలు కుదిరి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళ పిల్లలు స్టేజీ మూల పెద్దల కోట్లు కప్పుకుని నిద్రపోయారు. ఆ పిల్లలే ఇప్పుడు తలకి నూనె రాసుకుని గుమ్మం దగ్గర నిలబడి అమ్మాయిల్ని చూస్తున్నారు. థెల్మా మాత్రం ఒక్కనాడూ ఆ నేల మీద అడుగు కలపలేదు. ఆవిడ లేస్తే పాట ఆగిపోతుందిగా మరి!

పగలు వెన్న ఫ్యాక్టరీలో వెన్నముద్దలకి కాగితం చుట్టేది. పెళ్ళి చేసుకోలేదు. చూడటానికి బాగుంటుంది, నోరు కూడా మంచిదే. కానీ ఆ మొహం ఎప్పుడూ గోడ వైపే ఉంటే అడిగేవాడెవడు చెప్పండి?

అయినా ఆవిడకి డాన్సులన్నీ వచ్చు. వచ్చని ఆవిడ నమ్మకం. పియానో మీద ఓ అద్దం ఉండేది. డాన్సు నడిపించే గడ్జన్ గారి సైగలు కనపడాలని పెట్టారు దాన్ని. వేలెత్తితే వేగం పెంచాలి, అరచెయ్యి కిందికి ఆడిస్తే తగ్గించాలి, మీసం దువ్వితే ఇదే ఆఖరి చుట్టు. ముప్ఫై ఏళ్ళు ఆ ఇద్దరి మాటా మంచీ అద్దంలోనే జరిగింది. గడ్జన్ గారి పక్కన తిరిగే జంటలు కూడా అందులో కనపడేవి కదా, చూసి చూసి థెల్మా ప్రతి అడుగూ కళ్ళతో పట్టేసింది.

గడ్జన్ గారు పగలు గుర్రాలకి నాడాలు కొట్టే మనిషి. శనివారం రాత్రి మాత్రం తెల్ల గ్లౌజులు, మెడకి బో. ఆయన తాత కాలంలో ఆడవాళ్ళు ఎవరికి ఏ డాన్సు ఇచ్చారో అట్టముక్క మీద రాసి మణికట్టుకి కట్టుకునేవారట. అట్టముక్కలు పోయినా పద్ధతులు పోకూడదని ఆయన పంతం.

"ఒరేయ్, బీరు కంపుతో ఆడపిల్ల దగ్గరికెళ్తావా? బయట గాలి పీల్చుకుని రా!"

"అమ్మాయ్, ఒకణ్ణి కాదన్నాక అదే పాటకి ఇంకొకడితో లేవకూడదు. కూర్చో."

"నీతో ఆడే అమ్మాయి అడుగు తప్పితే అది నీ తప్పేరా. ఆమెని పల్లెత్తు మాటనకు."

అన్నిటికంటే పెద్ద నేరం ఎదురు తిరగడం. ఎడమ భుజం హాలు నడిమికి ఉండాలి, అందరూ అటే సాగాలి. ఓసారి కొత్తగా పెళ్ళైన జంట ఒకటి ఎదురొస్తే పాట ఆపించి, వాళ్ళని బెంచీ దాకా నడిపించి మరీ కూర్చోబెట్టాడు.

ఇలా ఉండగా హాలు కట్టి యాభై ఏళ్ళు నిండాయి. పెద్ద డాన్సు పెట్టి, పట్నం నుంచి బ్యాండు పిలిపిద్దామన్నారు. నడిపించే మనిషి కూడా ఆ బ్యాండుతోనే వస్తాడు. అంటే ఆ రాత్రికి థెల్మాకి పియానో లేదు, గడ్జన్ గారికి పెత్తనం లేదు.

పక్కింటి డల్సీ ఊరుకుంటుందా? కంచె మీద మోచేతులు ఆనించి మొదలెట్టింది.

"అయితే నువ్వూ డాన్సు చేస్తావన్నమాట. వచ్చా అసలు?"

"రాకపోవడమేంటే? ముప్ఫై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాగా."

"పెళ్ళిళ్ళు నేనూ బోలెడు చూశా. అంతమాత్రాన పాదిరీనైపోయానా?"

"చూస్తూండవే. ఒక్క తప్పు లేకుండా చేసి చూపిస్తా."

"ఓహో! మొన్న వంటింట్లో నీతో తిరుగుతున్నది ఎవరో అనుకున్నా. చీపురా! అది కాళ్ళు తొక్కదు గనకే నీకంత ధైర్యం."

థెల్మా బుగ్గలు ఎర్రబడ్డాయి. కిటికీకి తెర వేసుకోవాల్సింది. డల్సీ ఎదురుగా మాటైతే అనేసింది గానీ, ఆ రాత్రంతా లోపల ఒకటే గుబులు. ముందు ఎవరో ఒకరు వచ్చి అడగాలి కదా! ఆడది తనంతట తాను లేచి అడిగే పద్ధతి లేదాయె. అడిగాక ఊరి ముందు తప్పటడుగు వేస్తే, ఇక ఆ స్టూలు మీద ఏ మొహంతో కూర్చుంటుంది?

ఆ శనివారం పిల్లలు కొవ్వొత్తి తురుము చల్లి, గోనెసంచుల మీద ఒకళ్ళనొకళ్ళు ఈడ్చుకుని నేలని గాజులా చేశారు. ఆడవాళ్ళు తలో ప్లేటూ పట్టుకొచ్చారు. థెల్మా నీలం గౌనులో గోడవారి బెంచీ మీద కూర్చుంది. "ఎవరే ఆ కొత్తావిడ?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. మొహం చూస్తే కదా తెలిసేది.

పాట మీద పాట అవుతోంది, ఎవరూ రాలేదు. ఆవిడ డాన్సు చేస్తుందని ఎవరికి తోస్తుంది? చివరికి డల్సీ తన మొగుణ్ణి వీపు మీద వేలితో పొడిచింది. ఆయన కేకు నములుతూనే వచ్చాడు.

"థెల్మా, మరి... మా ఆవిడ..."

"వద్దులే బాబూ, వెళ్ళి కేకు తిను" అంది థెల్మా రోషంగా.

సరిగ్గా అప్పుడే అవతలి గోడ దగ్గర గడ్జన్ గారు బో సర్దుకుని బయల్దేరాడు, ఈవిడ వైపే. హాలు నడిమి దాకా వచ్చి, డల్సీ మొగుడు వెనక్కి పోవడం చూసి ఆగిపోయాడు. ఒకణ్ణి కాదంది కదా! ఇక ఈ పాటకి అడగడానికి లేదు. తన పద్ధతికి తానే చిక్కి, గిర్రున వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. థెల్మాకి తన నాలుక తానే కొరుక్కోవాలనిపించింది.

తర్వాతి పాట ప్రైడ్ ఆఫ్ ఎరిన్. జంటలన్నీ పక్కపక్కన నిలబడి, ఒకే అడుగు ఒకేసారి వేసే డాన్సు. గడ్జన్ గారు మళ్ళీ బయల్దేరాడు.

"మిస్ హాకింగ్, ఈ డాన్సు నాకిస్తారా?"

"ఇస్తానండీ."

లేచి వెళ్ళి ఆయనకి ఎడమ పక్కన నిలబడింది. ఆడవాళ్ళు కుడి పక్కన కదా నిలబడాలి! ఆయన కనుబొమ్మ లేచింది గానీ, జత మనిషిని తప్పుపట్టే పద్ధతి లేదాయె. బ్యాండు ఎత్తుకుంది. థెల్మా తల నిటారుగా పెట్టి, చక్కటి తాళంతో, మహారాణిలా ముందుకి సాగింది. ఊరంతా ఇటు వస్తుంటే ఆవిడ అటు సాగింది!

ఎదురొచ్చే జంట ఠక్కున ఆగింది. వాళ్ళ వెనకవాళ్ళు వచ్చి వాళ్ళ మీద పడ్డారు. బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. థెల్మాకి ఏమీ అర్థం కాలేదు.

"వీళ్ళకేమొచ్చింది? అందరూ ఎదురొస్తున్నారేంటండీ?" అంది కంగారుగా.

"మీరెటు వెళ్ళాలి?" గొంతు తగ్గించి అడిగాడు గడ్జన్ గారు.

"ఇటేగా! ముప్ఫై ఏళ్ళుగా ఇటేగా తిరిగారు మీరంతా! నేను చూస్తూనే ఉన్నాగా!"

ఆయన తలెత్తి మూత వేసిన పియానో వైపు చూశాడు. దాని మీది అద్దంలో హాలంతా కనపడుతోంది. తన ఎడమచెయ్యి అందులో కుడిచెయ్యయి కూర్చుంది. ఒక్క క్షణం మీసం మీద చెయ్యేశాడు. జీవితమంతా కాపాడుకొచ్చిన పద్ధతి ఒక పక్క, చెయ్యి పట్టుకున్న ఆడమనిషి ఒక పక్క.

అంతే, పట్నం మనిషిని పక్కకి నెట్టినంత పని చేస్తూ కంచుగంటలా కేకేశాడు:

"అందరూ వెనక్కి తిరగండి! ఈ పాటకి ఇటే!"

ఆ గొంతు విన్నాక ఎదురు చెప్పే అలవాటు ఊళ్ళో ఎవరికీ లేదు. ఊరు మొత్తం వెనక్కి తిరిగింది. ఇక చూడాలి ఆ తమాషా! అలవాటు లేని వైపు కదా, పుట్టినప్పటి నుంచి ఆడుతున్నవాళ్ళు కాళ్ళు తొక్కుకున్నారు, మోచేతులు పొడుచుకున్నారు, డల్సీ అయితే మొగుణ్ణి వదిలేసి ఎవరి మొగుణ్ణో పట్టుకుంది. హాలు మొత్తంలో ఒక్క అడుగు తప్పకుండా ఆడిన మనిషి థెల్మా ఒక్కతే.

పాట అయ్యాక గడ్జన్ గారు ఆవిడని బెంచీ దాకా నడిపించి, కూర్చోబెట్టి, వంగి దణ్ణం పెట్టాడు. డల్సీ ఆయాసపడుతూ వచ్చి పడింది.

"ఇంతకీ తప్పెవరిదండీ?"

"అద్దానిది" అన్నాడాయన.

సంగతి అప్పుడు గానీ తెలియలేదు థెల్మాకి. ముందు మొహం కప్పుకుంది. కాసేపటికి ఆ చేతుల్లోంచి నవ్వు వినపడింది. నవ్వీ నవ్వీ ఆవిడ వెనక బొత్తం ఒకటి తెగింది.

తర్వాతి శనివారం గడ్జన్ గారు నలుగురు కుర్రాళ్ళని పట్టుకొచ్చి పియానోని అడ్డంగా తిప్పించి, అద్దం పీకించేశాడు. ఇప్పుడు థెల్మా తల తిప్పితే చాలు, హాలంతా కనపడుతుంది. ఊరికి ఆవిడ మొహమూ కనపడుతుంది. భోజనాల ముందు పాట వచ్చేసరికి డల్సీ వచ్చి స్టూలు లాక్కుంది. డల్సీకి వచ్చిందల్లా ఒకే ఒక్క వాల్ట్జ్ పాట, అదీ నత్తనడక.

"లేవే! వేళ్ళు నొప్పెట్టకముందే ఆడేసి రా."

థెల్మా అలవాటు కొద్దీ ఆయనకి ఎడమ పక్కన నిలబడి, నాలుక్కరుచుకుంది.

"మీకెటు వీలైతే అటే" అన్నాడు గడ్జన్ గారు.

"ఈసారికి మీ వైపే పోదాం లెండి" అని కుడి పక్కకి వచ్చింది. పియానో దగ్గర డల్సీ అపశ్రుతి ఒకటి కొట్టి, తానూ థెల్మాలాగే అద్దంలో చూసి నేర్చుకున్నానని ఊరంతటికీ వినపడేలా చెప్పింది.